మే డే వీకెండ్: ఎండాకాలంలో ఈ చల్లగాలి ఏంటి, ఈ రంగులేంటి? మీ ఏరియాలో ఎలా ఉంది?

డాబా మీద నేను · కొత్తపేట, హైదరాబాద్ · శుక్రవారం రాత్రి 7:14

ఇప్పుడు బయట ఎవరైనా ఉన్నారా? ఆకాశం చూశారా?

అమ్మ పొద్దున్నే డాబా మీద నాన్న పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మధ్యాహ్నం మా బాల్కనీ థర్మామీటర్ 41 చూపించింది, వడియాలకి అంతకంటే మంచి రోజు ఉండదు అనుకున్నాం. నాలుగున్నరకి గాలిదుమారం. పంచె మూలలకి పెట్టిన ఇటుకలు దొర్లిపోయాయి. నేను పరుగెత్తేసరికి సగం తడిసి ముద్దయ్యాయి, మిగతా సగాన్ని పంచెతో సహా మెట్ల గదిలోకి లాగాను. ఆరుంబావుకి వాన ఆగింది. పంచె మళ్లీ పరుద్దామని ఆరున్నర దాటాక పైకి వెళ్లాను.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. చేతిలో ఉన్న తెల్ల పంచె గులాబీ రంగులో ఉంది. దానికి అంటుకున్న వడియాలు గులాబీ గాజు బిళ్లల్లా మెరుస్తున్నాయి. పక్కింటి నల్ల సింటెక్స్ ట్యాంకు కూడా నారింజ రంగుకి తిరిగింది. తలెత్తితే మబ్బు మొత్తానికి కింద నుంచి నిప్పు పెట్టినట్టుంది. పడమర వైపు కాదండీ, తూర్పున! థర్మామీటర్ 26కి పడిపోయింది.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఇది ఏంటి? రెండు, రేపు ఎల్లుండి కూడా ఇలాగే ఉంటుందా?

చాయ్ బిస్కట్ · శాలిబండ · రాత్రి 7:21

చూశాను. మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి గల్లీలో గోడలన్నీ హల్దీ ఫంక్షన్‌లో పిల్లలా పసుపు పూసుకున్నాయి. ఇరానీ హోటల్ ముందు జనం చాయ్ సాసర్‌లో పోసుకోవడం కూడా ఆపేసి పైకే చూస్తున్నారు.

ముందు వడియాల సంగతి చెప్పు అన్నా. బతికాయా?

డాబా మీద నేను · రాత్రి 7:23

సగం. అమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నైట్ షిఫ్ట్ · గచ్చిబౌలి · రాత్రి 7:40

మా ఆఫీసు తొమ్మిదో ఫ్లోర్ నుంచి చూశాం. మబ్బు అడుగున బుడగలు బుడగలుగా ఏవో వేలాడుతున్నాయి, ఒక్కో బుడగ ఒక్కో రంగు. సెలవు రోజు కూడా డ్యూటీ వేశారన్న కోపం పది నిమిషాలు మర్చిపోయాను. కానీ ఫోన్‌లో తీస్తే అన్నీ బూడిద రంగులో వచ్చాయి. ఎవరూ నమ్మడం లేదు. ఏం చేయాలి?

నిజం చెబుతా · రాత్రి 7:52

అందరూ అందం అందం అంటున్నారు గానీ ఇదంతా పొల్యూషన్. ఫ్యాక్టరీల పొగ, బండ్ల పొగ. గాలి ఎంత చెడిపోతే ఆకాశం అంత ఎర్రబడుతుంది. సైన్స్ ఇది.

మబ్బుల మాస్టారు · మల్కాజ్‌గిరి · రాత్రి 8:35

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన వాడిని. బోర్డు లేకుండా చెప్పాల్సి వస్తోంది, కాస్త ఓపిక పట్టండి.

"నిజం చెబుతా" గారూ, పేరు బాగుంది గానీ మాట తిరగబడింది. పగలు ఆకాశం నీలంగా ఉండటానికీ సాయంత్రం ఎర్రబడటానికీ కారణం ఒకటే, గాలి అణువులు. అవి వెలుగుని చెదరగొడతాయి. మా పుస్తకాల్లో పరిక్షేపణం అంటాం. ఎరుపు కంటే నీలాన్ని సుమారు నాలుగు రెట్లు ఎక్కువ చెదరగొడతాయి. పొద్దు నడినెత్తిన ఉన్నప్పటికంటే గూకేటప్పుడు ఆ వెలుగు దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి మన దాకా రావాలి. దారిలో నీలం, ఆకుపచ్చ రాలిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. ఈ పనికి పొగ అక్కర్లేదు.

పొగ, దుమ్ము కణాలు గాలి అణువుల కంటే చాలా పెద్దవి. అవి అన్ని రంగుల్నీ కలిపి చెదరగొట్టేస్తాయి కాబట్టి ఆకాశం తెల్లగా, మురికిగా కనిపిస్తుంది. శీతాకాలంలో ఢిల్లీ పొద్దు చూడండి. ఎర్ర బిళ్లలా ఉంటుంది, చుట్టూ ఆకాశం మాత్రం కడిగిన పలక రంగు. ఈ రోజు మన దగ్గర జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. నాలుగున్నర నుంచి ఆరుంబావు దాకా వాన గాలిని కడిగేసింది. రంగు శుభ్రంగా వచ్చింది.

ఇక తూర్పున ఎందుకు అని కదా డాబా బాబు అడిగింది. ఈ సీజన్‌లో ఉరుముల మబ్బులు మన మీదుగా ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి జరుగుతాయి. మబ్బు ఘట్‌కేసర్ దాటిపోయేసరికి పడమర తెరుచుకుంది. 6:36కి పొద్దు గూకింది. ఆ అడ్డ వెలుగు మొత్తం వెళ్లి తూర్పున ఉన్న పెద్ద మబ్బు మీద పడింది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెనక, తెర ముందు. మీరు మధ్యలో పంచె పట్టుకుని నిలబడ్డారు.

గచ్చిబౌలి అమ్మాయి చూసిన బుడగలు ఉరుము మబ్బు పైన గొడుగులా విచ్చుకునే భాగానికి అడుగున వేలాడేవి. వాటిలోకి వెలుగు పక్కనుంచి దూరితే ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఊదా. అంత బాగా ఎప్పుడో గానీ కనపడవు.

చల్లదనం సంగతి కూడా చెప్పేస్తాను. వాన చినుకులు కింది ఎండు గాలిలోంచి పడుతూ సగం ఆవిరైపోతాయి. ఆవిరి కావడానికి వేడి గాలి నుంచే లాక్కుంటాయి. చల్లబడి బరువెక్కిన గాలి ధబాలున కిందికి దిగి నేల మీద నాలుగు వైపులా పరుచుకుంటుంది. మీ ఇటుకల్ని దొర్లించింది అదే. కుండ నీళ్లు ఎలా చల్లబడతాయో ఊరంతా అలాగే చల్లబడింది.

బెజవాడ బాబాయ్ · రాత్రి 8:50

మీకు వాన పడితే చల్లదనం, మాకు వాన పడితే ఉక్క. చదువుతుంటే కుళ్లుగా ఉంది.

ఈస్ట్ మారేడ్‌పల్లి అత్తయ్య · రాత్రి 9:05

ఇక్కడ ఐదింటికి పోయిన కరెంటు ఇప్పుడొచ్చింది. మా వీధిలో తురాయి చెట్టు కొమ్మ విరిగి ఎదురింటి వాళ్ల కారు మీద పడింది. అదృష్టం, అద్దం పగల్లేదు. రోడ్డంతా ఎర్ర పూలు, పైన ఎర్ర ఆకాశం. ఆ కారాయన మొహం కూడా అదే రంగు.

మాస్టారు గారూ, ఈ రోజు బుద్ధ పౌర్ణమి కదా. చంద్రుడు కనిపించలేదేం?

మబ్బుల మాస్టారు · రాత్రి 9:12

పౌర్ణమి చంద్రుడు పొద్దు గూకే వేళకే తూర్పున లేస్తాడమ్మా. అక్కడ మన తెర అడ్డంగా ఉంది కదా. ఇప్పుడు డాబా ఎక్కి చూడండి, మబ్బు పైకి వచ్చేశాడు.

గుట్టలెక్కేవాడు · రాయదుర్గం · రాత్రి 10:20

లేటుగా చూశాను ఈ థ్రెడ్. నేను ఖాజాగూడ గుట్టల మీద ఉన్నాను. వాన మొదలవగానే పెద్ద బండ కింద దూరాం, ఆగాక పైకెక్కాం. ఒక విషయం మాస్టారు గారిని అడగాలి. తూర్పున ఇంద్రధనుస్సు వచ్చింది. పెద్దది, సగం ఆకాశం. కానీ ఏడు రంగులు లేవు. ఎరుపు ఒక్కటే! మా వాళ్లు నా కళ్లు పోయాయన్నారు.

ఆ వెలుగులో తడి బండలు మామూలు రంగులో లేవు. మన గ్రానైట్‌లోనే కొంచెం గులాబీ ఉంటుంది కదా, అది ఎవరో దీపం పెట్టినట్టు లోపలి నుంచి వచ్చింది. బండ సందులో నిలిచిన నీళ్లలో కూడా ఆకాశమే.

మబ్బుల మాస్టారు · రాత్రి 10:41

నీ కళ్లు బంగారం. ఇంద్రధనుస్సు తనంతట తాను రంగులు పుట్టించదు, వచ్చిన వెలుగులో ఉన్న రంగుల్ని విడదీస్తుంది. వచ్చిందే ఎరుపైతే విడదీసేదీ ఎరుపే. పొద్దు అంచు మీద ఉన్నప్పుడు విల్లు కూడా పూర్తి అర్ధచంద్రం. పొద్దు ఎంత పైన ఉంటే అది అంత కిందికి దిగిపోతుంది. 42 డిగ్రీలు దాటితే నేల మీద నిలబడ్డ వాడికి అసలు కనిపించదు. నేను జీవితంలో రెండుసార్లు చూశాను ఎర్రదాన్ని.

ఇప్పుడు తిట్లు. ఉరుములప్పుడు గుట్ట మీద, బండ కింద దాక్కోవడం ఏంటి నాయనా? పిడుగు ఎక్కువగా ఆ ఏరియాలో ఎత్తైనదాన్నే వెతుక్కుంటుంది, బండల మీదుగా పాకుతుంది కూడా. ఉరుము వినపడగానే కిందికి దిగి కారులోనో పక్కా ఇంట్లోనో ఉండాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకో, పుణె వాతావరణ శాస్త్రవేత్తలు చేసింది. చుట్టుపక్కల పిడుగుల సమాచారం చెబుతుంది.

గుట్టలెక్కేవాడు · రాత్రి 10:44

తప్పైంది సార్. పెట్టుకున్నాను.

నిజం చెబుతా · రాత్రి 11:02

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అగ్నిపర్వతం బూడిద అని వచ్చింది. పొల్యూషన్ కాకపోతే అదే అయ్యుంటుంది. సైన్స్ ఇది.

మబ్బుల మాస్టారు · శనివారం ఉదయం 6:10

నిన్న సాయంత్రం పొల్యూషన్, రాత్రికి అగ్నిపర్వతం. రేపు ఏది వస్తుందో!

అయితే ఈసారి మాటలో కొంత సరుకుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు నెలల తరబడి ప్రపంచమంతా సాయంత్రాలు రక్తంలా కనిపించాయి. అమెరికాలో ఊరవతల మంటలనుకుని ఫైరింజన్లని కూడా పిలిచారు. 1991లో పినటూబో తర్వాత కూడా అలాంటి సంజలు వచ్చాయి. 2025 నవంబరులో ఇథియోపియాలో హేలి గుబ్బి బూడిద ఢిల్లీ మీదుగా వెళ్లిన మాట నిజమే. కానీ క్రకటోవా లాంటి రంగుకి బూడిద కంటే గంధకం వాయువు ముఖ్యం. అది వానలు పుట్టే పొరకి పైన చేరి సన్నటి బిందువులై నెలల పాటు తేలుతుంది. ఆ రంగు మబ్బు లేని రోజు కూడా వస్తుంది, పొద్దు గూకిన పావుగంటకి ఊదాగా వస్తుంది, రోజూ వస్తుంది. మనది వాన ఆగిన అరగంటలో వచ్చింది, ఇరవై నిమిషాల్లో పోయింది.

మూసీ కాల్వ · కేతేపల్లి వైపు · శనివారం ఉదయం 7:30

చదువుతున్నాను మీ అందరివీ. నేను హైదరాబాద్‌లోనే పని చేస్తాను, సెలవులని ఊరికి వచ్చాను.

మీ మీద పడి తూర్పుకి పోయిన ఆ మబ్బు రాత్రి తొమ్మిదింటికి మా మీదికి వచ్చింది. కొనుగోలు కేంద్రంలో మా వడ్లు పదకొండు రోజులుగా కుప్ప మీదున్నాయి. తేమ 17 శాతం దాటకపోతేనే తూకం. నిన్న మధ్యాహ్నం మీటర్ పెట్టి చూస్తే 16 వచ్చింది, రేపు కాంటా అన్నారు. రాత్రి పట్టా కప్పాం. గాలికి ఒక అంచు లేచింది. నాన్న, నేను ఆ అంచు మీద కూర్చున్నాం. పైన తడవలేదు గానీ కింద నుంచి నీళ్లు వచ్చాయి. అడుగు వడ్లు ఉబ్బాయి. ఈ రోజు మొత్తం మళ్లీ పల్చగా పరిచి కాళ్లతో తిరగేయాలి. ఎండ కావాలి మాకు.

రంగులు మేమూ చూశాం. పొద్దు గూకాక మీ దిక్కే ఎర్రగా ఉంది. నాన్న అటు చూసి పట్టా తాళ్లు ఇంకోసారి బిగించమన్నాడు.

డాబా మీద నేను · ఉదయం 7:48

వడియాల గురించి ఏడ్చినందుకు సిగ్గుగా ఉంది అన్నా.

మూసీ కాల్వ · ఉదయం 7:55

అయ్యో, అలా ఏం లేదు. వడియాలు కూడా ఎండకే కదా ఎండేవి.

ఈస్ట్ మారేడ్‌పల్లి అత్తయ్య · ఉదయం 8:20

ఈ రోజు ఎండ బాగానే వస్తుంది బాబూ, మా ఇంటి మీద అప్పుడే కాస్తోంది. భరణి కార్తె ఇది. ఇంకా రోహిణి రాలేదు, రోళ్లు పగిలే ఎండలు ముందున్నాయి. నాన్నగారిని మధ్యాహ్నం పూట నీడన కూర్చోమను.

నైట్ షిఫ్ట్ · ఉదయం 11:15

నా ఫోన్ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. రేపు ఇన్‌స్టాలో పరువు నిలబడాలి.

గుట్టలెక్కేవాడు · ఉదయం 11:40

మేడమ్, ఫోన్ తెలివి ఎక్కువై వచ్చిన చిక్కు ఇది. సీన్ మొత్తం ఎర్రగా ఉంటే "లైటు తేడాగా ఉంది" అనుకుని తెలుపు రంగుని సరిచేస్తుంది. అంటే మీకు కావాల్సిన ఎరుపునే తీసేస్తుంది. ప్రో మోడ్‌కి వెళ్లి వైట్ బ్యాలెన్స్‌ని ఎండ బొమ్మ మీద పెట్టేయండి. తర్వాత మబ్బులో బాగా వెలుగున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరపండి. బిల్డింగులు నల్లగా వస్తాయి, రానివ్వండి. హెచ్‌డీఆర్ ఆఫ్ చేయండి, లేదంటే నీడల్ని లేపి బూడిద చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట: పొద్దు గూకగానే ఫోన్ జేబులో పెట్టకండి. అందరూ చేసే తప్పు అది. పైన ఎనిమిది, పది కిలోమీటర్ల ఎత్తులో దూది పింజల్లాంటి మబ్బులుంటే, మనకి గూకిన పొద్దు వాటికి ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పది నుంచి ఇరవై నిమిషాల తర్వాతే అసలు రంగు.

డాబా మీద నేను · శనివారం రాత్రి 7:05

ఈ రోజు రిపోర్ట్. వాన లేదు. మధ్యాహ్నం 38, కానీ గాలి బాగుంది. 6:36కి పొద్దు గూకినప్పుడు ఏమీ లేదు, కిందికి పోదామనుకున్నాను. గుట్టల అన్న మాట గుర్తొచ్చి ఆగాను. 6:46కి పైన సన్నటి మబ్బు గీతలు ఒక్కొక్కటీ అంటుకున్నాయి. ముందు నెమలి మెడ పక్కన బంగారం, తర్వాత దానిమ్మ గింజ రంగు. ఏడింటికల్లా అయిపోయింది. నిన్నటి అంత కాదు, నిన్నటిది గొడవ. ఈ రోజుది నెమ్మది.

అమ్మ కూడా వచ్చింది పైకి. మాట్లాడింది. "సంజ వేళ పడుకోకూడదు, తలుపు తీసి ఉంచాలి అనేది మా అమ్మమ్మ" అంది. అంతే.

నైట్ షిఫ్ట్ · రాత్రి 7:20

వచ్చిందీ!!! ఎరుపు వచ్చింది! ఇప్పుడు మా చెల్లెలు ఫిల్టర్ అంటోంది. ఈ బతుకు ఇంతే.

చాయ్ బిస్కట్ · రాత్రి 8:00

రేపు ఆదివారం, ఎల్లుండి నుంచి మళ్లీ అదే బతుకు. అందరం ఒకచోట కలిసి చూద్దామా? నా ఓటు ట్యాంక్‌బండ్.

గుట్టలెక్కేవాడు · రాత్రి 8:10

గోల్కొండ అయితే బాగుండేది గానీ పొద్దు గూకే ముందే పంపించేస్తారు. గండిపేట కట్ట మంచిది, నీళ్లన్నీ పడమర వైపే. కానీ దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లు రావాలంటే తెల్లారుతుంది.

ఈస్ట్ మారేడ్‌పల్లి అత్తయ్య · రాత్రి 8:25

బిర్లా మందిర్ నుంచి చూడండి, నౌబత్ పహాడ్ మీద పాలరాయి మొత్తం రంగు మారుతుంది. ఫోన్లు మాత్రం కిందే ఇచ్చేయాలి. నాకైతే అదే దాని గొప్ప.

మబ్బుల మాస్టారు · రాత్రి 8:40

ట్యాంక్‌బండ్ ఖాయం చేసుకోండి. ఒక చిట్కా. ఈ వారంలో పొద్దు నేరుగా పడమట గూకదు, సుమారు 16 డిగ్రీలు ఉత్తరానికి జరిగి గూకుతుంది. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి విగ్రహం వెనక పొద్దు పడాలంటే మీరు సచివాలయం వైపు జరగాలి. సంక్రాంతికైతే సికింద్రాబాద్ వైపు జరగాలి. ఇదే లెక్కలో ఇంకోటి: ఈ 9వ తేదీ మధ్యాహ్నం 12:12కి మన ఊళ్లో నిటారు కర్రకి నీడ ఉండదు, పొద్దు సరిగ్గా నెత్తి మీదుంటుంది. పిల్లలకి చూపించండి.

రేపటికి గ్యారంటీ మాత్రం అడగొద్దు. రంగు రావాలంటే పైన మబ్బుండాలి, పడమట ఖాళీ ఉండాలి. రెండూ మన చేతిలో లేవు.

చాయ్ బిస్కట్ · ఆదివారం రాత్రి 7:30

మొత్తం తొమ్మిది మందిమి వచ్చాం. సచివాలయం వైపు, మాస్టారు చెప్పిన చోటే. సరిగ్గా ఆరుంబావుకి పడమట నుంచి గోడలా ఒక నల్ల మబ్బు లేచి పొద్దుని మింగేసింది. వాన కూడా పడలేదు, ఉత్త గోడ. 6:36 అయింది, 6:50 అయింది, ఏడయింది. బుద్ధుడు, మేము, బూడిద రంగు. రెండేళ్లకు పైగా నీళ్ల అడుగున పడుకుని 1992లో పైకి వచ్చినాయన ఓపిక వేరు, మాది వేరు. మిర్చి బజ్జీలు తిని లేచాం. బజ్జీలు బాగున్నాయి.

మబ్బుల మాస్టారు · రాత్రి 7:41

బిల్లు నేనే కట్టాను. లెక్క సరిపోయింది.

మూసీ కాల్వ · రాత్రి 9:50

ఇప్పుడే ఎల్బీనగర్‌లో దిగాను. మీ గోడ వెనక ఏం జరిగిందో నేను చెబుతాను.

సాయంత్రం బస్సులో వస్తున్నాను. విజయవాడ హైవే, పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ బండ్లు. ఊళ్ల నుంచి వచ్చే వాళ్లందరం పడమరకి మొహం పెట్టి ఆగిపోయి ఉన్నాం. దూరంగా హైదరాబాద్ మీద ఆ నల్ల మబ్బు. దాని అంచు చుట్టూ సన్నటి బంగారు జరీ. దాని వెనక నుంచి గొడుగు కమ్మీల్లా వెలుగు చారలు మా నెత్తి మీది దాకా వచ్చాయి. హారన్ కొట్టే వాళ్లు కూడా ఆపేశారు. బస్సు డ్రైవర్ ఇంజన్ ఆపి, సీటు కింద నుంచి నీళ్ల బాటిల్ తీసి, తాగకుండా చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో పిల్లాడు "ఊరు తగలబడుతోందా?" అని అడిగాడు. ఫోటో తీయలేదు, ఒళ్లో మామిడి పళ్ల అట్టపెట్టె ఉంది.

వడ్లు నిన్నటి ఎండకీ ఈ రోజు ఎండకీ ఆరాయి. మధ్యాహ్నం మీటర్ పెడితే 17. ఈ రోజు కాంటా అయింది.

చాయ్ బిస్కట్ · రాత్రి 9:58

అంటే ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వాడికి దొరికింది, ప్లాన్ చేసుకుని పోయిన మాకు బజ్జీలు. సరే. కాంటా అయినందుకు పార్టీ. ఆ మామిడి పళ్ల పెట్టె ఎక్కడ దించావు అన్నా?

డాబా మీద నేను · రాత్రి 10:15

మాస్టారు గారూ, అమ్మ అడగమంది. రేపు మళ్లీ సగ్గుబియ్యం నానబెట్టాలా వద్దా? రెండు కిలోలు అంటోంది.

మబ్బుల మాస్టారు · రాత్రి 10:22

నానబెట్టమనండి. పొద్దున ఏడింటికల్లా పెట్టేసి, మధ్యాహ్నం మూడింటికి ఎత్తేయండి. ఈసారి నాలుగు ఇటుకలు చాలవు, ఎనిమిది పెట్టండి.